సోదర నగరాలు – మన పలకల ఊరు

(మార్కాపురంలో జరిగిన మైనారిటీ హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం 'సోదర నగరాలు, ప్రజల భాగస్వామ్యం'. ఈ సంగతి మా వీధిలో ఒక పెద్దాయనతో చెబితే, "జంట నగరాలా? హైదరాబాదు, సికింద్రాబాదుల గురించి నీవేం చెబుతావయ్యా?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. మన తెలుగునాట జంట నగరాలంటే ఆ రెండే. నేను మాట్లాడబోయేది వేరు వేరు దేశాలలో ఉన్న రెండు ఊళ్ళు, "ఇకపై మనం చుట్టాలం" అని ఒప్పుకునే పద్ధతి గురించి. దీనికి ఆంగ్లంలో ట్విన్నింగ్ అని, అమెరికావారి వాడుకలో సిస్టర్ సిటీస్ అని పేరు.

నేను ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా గడిపినవాణ్ణి. ఒప్పందాలను, ఉత్తర్వులను, తీర్మానాలను నకళ్ళు తీసి, నంబర్లు వేసి, బీరువాలో భద్రపరచడమే నా వృత్తి. బీరువాలోకి వెళ్ళిన కాగితాలలో ఎన్ని తిరిగి వెలుగు చూస్తాయో నాకు బాగా తెలుసు. అందుచేత రెండు నగరాల మేయర్లు శాలువాలు కప్పుకుని సంతకాలు చేసుకున్న ఫోటో పత్రికలో కనబడితే, నా దృష్టి ముందుగా ఆ కాగితం ఏ బీరువాకు చేరుతుందోననే వెళుతుంది.

మన విజయవాడకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు మొడెస్టో నగరంతో సోదర సంబంధం ఉంది. హైదరాబాదుకు ఇండియానాపోలిస్‌తో ఉంది. ఈ ప్రసంగం కోసం విజయవాడలో స్థిరపడిన నా పాత సహోద్యోగులు నలుగురికి ఫోన్ చేసి మొడెస్టో పేరు విన్నారా అని అడిగాను. ఒకరు అది మందు పేరా అన్నారు. మిగిలిన ముగ్గురూ వినలేదు. ఆ ఒప్పందం వల్ల ఎవరికీ మేలు జరగలేదని నేననను. కానీ ఊరికి చుట్టరికం కుదిరిన సంగతి ఊరివారికే తెలియకపోతే అది చుట్టరికమెలా అవుతుంది?

ఈ పద్ధతి మొదట అలా పుట్టలేదు. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మనీ విమానాలు ఇంగ్లండులోని కవెంట్రీ నగరాన్ని బాంబులతో నేలమట్టం చేశాయి. రెండేళ్ళకు రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌కు అంతకన్నా ఘోరమైన గతి పట్టింది. అప్పుడు కవెంట్రీ స్త్రీలు ఒక బల్లగుడ్డ మీద 830 మంది పేర్లు దారంతో కుట్టి, పేరు కుట్టిన ప్రతి స్త్రీ ఆరు పెన్నీలు జతచేసి, ఆ గుడ్డను స్టాలిన్‌గ్రాడ్‌కు పంపారు. 1944లో రెండు నగరాలూ సోదర నగరాలయ్యాయి. గమనించండి, ముందు సూదీ దారమూ నడిచాయి, సంతకాలు ఆ తరువాత వచ్చాయి. స్టాలిన్‌గ్రాడ్ ఇప్పుడు వోల్గోగ్రాడ్. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రాగానే కవెంట్రీ నగరపాలక సభ ఆ సంబంధాన్ని నిలిపివేసింది. రాజ్యాల మధ్య తగవు వస్తే నగరసభల సంతకాలు ఆగిపోతాయి. పేర్లు కుట్టిన గుడ్డ మాత్రం అక్కడి ప్రదర్శనశాలలోనే ఉన్నది.

మనవంటి చిన్న ఊళ్ళు నేర్చుకోదగిన ఉదాహరణ మరొకటి ఉంది. ఇంగ్లండులో మార్ల్‌బరో అని ఒక చిన్న పట్టణం. జనాభాలో మన మార్కాపురంలో చిన్న భాగానికి సరిపోతుంది. 1980లో జర్మనీ మాజీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ అధ్యక్షతన ఒక సంఘం, ధనిక దేశాలకూ పేద దేశాలకూ మధ్య ఉన్న అంతరం గురించి నివేదిక ఇచ్చింది. మార్ల్‌బరోలో కొందరు ఆ నివేదిక చదివి, మన ఊరి నుంచి ఏం చేయగలమని ఆలోచించారు. వారిలో నిక్ మారిస్ అనే స్థానిక వైద్యుడు ముఖ్యుడు. 1982 నుంచి వారు పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా దేశంలో, సముద్రపుటొడ్డున ఉన్న గుంజూర్ అనే ఊరితో సంబంధం కలుపుకున్నారు. గుంజూర్ చేపలు పట్టేవారి ఊరు, సేద్యగాళ్ళ ఊరు, ముస్లిముల ఊరు. వీరిది ఇంగ్లండు పల్లెపట్టు, క్రైస్తవుల ఊరు. అక్కడివారు ఇక్కడికి, ఇక్కడివారు అక్కడికి వెళ్ళి ఒకరి ఇళ్ళలో ఒకరు ఉన్నారు. హోటలులో దిగిన అతిథికి ఊరి పేరు మాత్రమే తెలుస్తుంది. ఇంట్లో దిగినవాడికి ఆ ఇంటి అప్పు, ఆ ఇంటి జ్వరం, ఆ ఇంటి అజాన్ వేళ అన్నీ తెలుస్తాయి. నాలుగు దశాబ్దాలుగా ఆ పట్టణంలో ముస్లిము అనే మాటకు అర్థం టీవీ నుంచి కాక, తాము అన్నం తిన్న ఇంటి నుంచి నేర్చుకున్నవారు ఉన్నారు. ఈ సభలో దీని విలువ నేను విడిగా వివరించవలసిన అవసరం లేదు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను.

మార్కాపురం పేరు చెబితే తెలుగు దేశమంతటా ఇద్దరే గుర్తుకు వస్తారు. ఒకరు చెన్నకేశవస్వామి, రెండవది పలక. ఒక కాలంలో ఈ రాష్ట్రంలో అక్షరం దిద్దిన పిల్లలలో ఎక్కువమంది మన రాతి మీదే దిద్దారు. అలిఫ్, బే దిద్దినవారూ అదే పలక మీద దిద్దారు, ఓనమాలు దిద్దినవారూ అదే పలక మీద దిద్దారు. గనిలో రాయి తవ్వేవారు, ఉలితో పొరలు చీల్చేవారు, మిషను మీద కోసేవారు, అరగదీసేవారు, చెక్క చట్రం బిగించేవారు, పెట్టెలకెత్తేవారు. ఈ పనులలో మన ముస్లిములు, దళితులు, వెనుకబడిన కులాలవారు, అన్ని ఇళ్ళ ఆడవారు కలిసి పనిచేశారు. తరువాత బడిలో నోటు పుస్తకం వచ్చింది, ప్లాస్టిక్ పలక వచ్చింది. రాతి పలక తగ్గిపోయింది. అదే రాయిని నేల మీదకూ గోడలకూ వాడే రంగురాళ్ళుగా కోసి విదేశాలకు పంపడం మొదలైంది. అంటే, అయ్యా, మన రాయి ఎన్నడో విదేశీ ఇళ్ళలో కాపురం పెట్టింది. దానిని కోసిన మనిషి ఎవరో ఆ ఇంటివారికి తెలియదు.

ఆ మనిషి ఒకరు మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. నేను ఆయనను చాచా అని పిలిచేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా కోత మిషను దగ్గర పనిచేశారు. సాయంత్రం ఇంటికి వస్తుంటే కనుబొమ్మలు, మీసాలు తెల్లగా ఉండేవి. పిల్లలు నవ్వేవారు. యాభై దాటేసరికి మసీదు మెట్లు మూడెక్కి నిలబడవలసి వచ్చేది. ఒక దవాఖానాలో చూపిస్తే క్షయ అన్నారు, ఆరు నెలలు మందులు వాడారు. ఆయాసం తగ్గలేదు. మరొకచోట వైద్యుడు, "బీడీలు మానుకోవయ్యా" అన్నాడు. చాచా జన్మలో బీడీ ముట్టినవారు కారు. ఇంటికి వచ్చి నాతో, "సాయిబూ, నేను తాగని బీడీకి నేనెలా మానుకునేది?" అని నవ్వారు. ఆ నవ్వులో దగ్గు వచ్చి చాలాసేపు ఆగలేదు. ఆయన పోయినప్పుడు కాగితంలో ఏం రాశారో నేను చూశాను. గుమాస్తాను గదా, కాగితం చూడకుండా ఉండలేను. 'గుండె ఆగి మరణం' అని ఉంది. గుండె ఆగకుండా ఎవరు మరణిస్తారు?

ఆ జబ్బు పేరు సిలికోసిస్ అయి ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది. రాయి కోసినపుడు లేచే కంటికి ఆనని సన్నని ధూళి ఊపిరితిత్తులలో దిగి మచ్చకట్టి గట్టిపరుస్తుంది. దానిని నయంచేసే మందు లేదు. పని మానినా జబ్బు ముదరవచ్చు. అది ఉన్నవారికి క్షయ సులువుగా పడుతుంది. కనుక క్షయ అని చెప్పిన వైద్యుడు పూర్తిగా తప్పు చెప్పకపోయి ఉండవచ్చు, కానీ సగం చెప్పాడు. ఆ మిగిలిన సగంలోనే హక్కు ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచే సిలికోసిస్ వృత్తివ్యాధుల జాబితాలో ఉంది. నష్టపరిహారపు చట్టంలోనూ ఉంది. అయితే కొద్దిమంది మాత్రమే పనిచేసే రేకుల షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. రోజు కూలికి హాజరు పట్టీ ఉండదు. షెడ్డు మూతబడితే యజమానీ ఉండడు. ఎవరిని అడగాలి?

సరిగ్గా ఇదే ప్రశ్నను మనకంటే ముందు వేసుకున్న ఊళ్ళున్నాయి. బ్రిటన్‌కు పశ్చిమాన వేల్స్ అనే చిన్న దేశం. దాని ఉత్తర కొండలలో బ్లైనై ఫెస్టినియోగ్, బెథెస్డా అనే పట్టణాలు. అవి కూడా పలకల ఊళ్ళే. ప్రపంచంలో చాలా దేశాల ఇళ్ళ కప్పులకూ బడి పిల్లల పలకలకూ ఒకనాడు ఆ రాయే వెళ్ళింది. అక్కడి కార్మికుల భాష వెల్ష్, యజమానుల భాష ఇంగ్లీషు. తమ గడ్డ మీద తాము అల్పసంఖ్యాకులుగా మిగిలిన భాషవారు. మధ్యాహ్నం గని దగ్గర 'కాబన్' అని పిలిచే చిన్న గదిలో అన్నం తింటూ రాజకీయం, మతం, కవిత్వం అన్నీ చర్చించేవారు. మన టీ అంగళ్ళ వంటివే, కాకపోతే వారు చర్చలకు క్రమశిక్షణ కూడా పెట్టుకున్నారట, మనకది ఇంకా అబ్బలేదు. 1884లో బాంగోర్‌లో విశ్వవిద్యాలయ కళాశాల తెరిచినపుడు ఆ గని కార్మికులు తమ కూలిలో నుంచి చందాలు వేసుకున్నారు. బెథెస్డాలో పెన్రిన్ గని యజమానితో సంఘపు హక్కు కోసం 1900 నుంచి 1903 వరకు, మూడేళ్ళపాటు పోరాడారు. గెలవలేదు.

ధూళి సంగతి చెబుతాను. గని ఆస్పత్రుల వైద్యులు కొందరు పలక ధూళి వల్ల హాని లేదని వాదించారు. మరి కార్మికులు ఎందుకు జబ్బుపడుతున్నారంటే, టీని పొయ్యి మీద మరీ మరిగించి తాగుతున్నందువల్ల అని తేల్చారు. ఇది చదివినపుడు నాకు చాచా బీడీ గుర్తుకు వచ్చింది. సముద్రాలకవతల, నూరేళ్ళకు ముందు, వేరే భాషలో, వేరే మతంలో, అదే మాట. అక్కడ టీ, ఇక్కడ బీడీ. నేరం ఎప్పుడూ పీల్చినవాడి నోటిదే.

గనులు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. జబ్బు మిగిలింది. దావా వేద్దామంటే యజమాని లేడు. అప్పుడు 1979 మార్చి నెలలో ఒక సంఘటన జరిగింది. బ్రిటన్‌లో కాలహన్ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్కొక్క ఓటూ లెక్కే. వేల్స్ జాతీయ పక్షమైన ప్లైడ్ కమ్రీకి పార్లమెంటులో ఉన్నది ముగ్గురు సభ్యులు. వారు పదవులు అడగలేదు. పలక గనుల ధూళితో జబ్బుపడి, దావా వేయడానికి యజమాని కూడా మిగలని కార్మికులకు పరిహారపు చట్టం చేయమన్నారు. ప్రభుత్వం ఒప్పుకుంది. ముగ్గురూ ప్రభుత్వం వైపు ఓటు వేశారు. అయినా మార్చి 28న 311కు 310, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. కానీ పార్లమెంటు రద్దయ్యేలోపే ఆ చట్టం ఆమోదం పొందింది. చిన్న సంఖ్యలో ఉన్నవారు తమ ఓటును దేనికి వాడాలో అన్న చర్చ మన సదస్సులలో ప్రతిసారీ జరుగుతుంది. ఆ చర్చలో ఈ ముగ్గురి పేరు కూడా ఉండదగును.

మన దేశంలో కూడా దారి లేకపోలేదు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఇటువంటి ధూళి వ్యాధుల కోసం ఒక ప్రత్యేక విధానం తెచ్చింది. రాతి పనివారి సంఘాలు ఏళ్ళ తరబడి అడగ్గా వచ్చినది అది.

ఇప్పుడు నా ప్రతిపాదన. మార్కాపురానికి బ్లైనై ఫెస్టినియోగ్‌తోనో, బెథెస్డాతోనో చుట్టరికం కలపాలి. బ్లైనై వారికి ఇప్పటికే అర్జెంటీనాలోని రాసన్ పట్టణంతో సంబంధం ఉంది. 1865లో వెల్ష్ భాషను కాపాడుకోవడానికి కొన్ని కుటుంబాలు ఓడ ఎక్కి ఆ ప్రాంతానికి వలస వెళ్ళిన కారణాన ఏర్పడిన బంధమది. వారిది భాషా బంధం. మనది రాతి బంధం. ఇది నా కోరికే, ఇంకా ఎవరూ ఎవరికీ ఉత్తరం రాయలేదని స్పష్టంగా చెబుతున్నాను.

పురపాలక సంఘం ద్వారా అధికారికంగా జరగాలంటే కేంద్ర విదేశాంగ శాఖ సమ్మతి కావాలి. అది జరిగితే సంతోషమే. కానీ దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. కవెంట్రీ స్త్రీలు ముందు పేర్లు కుట్టారు. మనమూ అక్కడి నుంచి మొదలుపెడదాం. ఇక్కడి గ్రంథాలయం అక్కడి గ్రంథాలయానికి, ఇక్కడి బడి అక్కడి బడికి, ఇక్కడి పాత కార్మికుడు అక్కడి పాత కార్మికుడి కొడుక్కు ఉత్తరం రాయవచ్చు. మన పిల్లలు ఫోన్లలో ఏమేమో చూస్తున్నారు, ఈ ఒక్క పనికి కూడా ఆ ఫోను పనికివస్తుంది.

డబ్బు మాత్రం అడగవద్దు. దీన్ని నేను గట్టిగా చెబుతాను. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010, దానికి 2020లో వచ్చిన సవరణ మీకు తెలుసు. నమోదైన సంస్థే అయినా విదేశీ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి. మామూలు సంఘాలకే ఇది కష్టం. ఇక మన పేర్లున్న సంఘానికి విదేశం నుంచి ఒక ఉత్తరం వచ్చినా పోస్టుమాన్ రెండుసార్లు చూసే కాలమిది. కువైట్‌లో, సౌదీలో చెమటోడ్చి మన గిద్దలూరు, కంభం పిల్లలు ఇంటికి పంపే జీతాన్ని కూడా అనుమానంగా చూసేవారున్నారు. కనుక మనకు కావలసింది వారి తెలివి. ధూళి లేవకుండా నీళ్ళతో ఎలా కోస్తారు, ధూళిని పీల్చేసే గొట్టాలు చిన్న షెడ్డుకు ఎలా అమరుతాయి, ఎక్స్-రేలో సిలికోసిస్‌ను క్షయ నుంచి ఎలా వేరుచేస్తారు, మూతబడిన గనిలో పనిచేసినట్టు వారు ఏ కాగితాలతో నిరూపించుకున్నారు. ఈ చివరి ప్రశ్నకు సమాధానం ఒక్కటి తెచ్చుకున్నా చాలు, నా గుమాస్తాగిరీ సార్థకమవుతుంది.

ప్రతి ఉత్తరం నకలు పురపాలక కార్యాలయానికి, తహసీల్దారుకు ఇద్దాం. సంఘంలో మనవారే ఉండకూడదు. పలక రాయి కోసినవారిలో అన్ని కులాలవారూ ఉన్నారు, సంఘంలోనూ ఉండాలి. ముస్లిముల సభలో పుట్టిన ఆలోచన ఊరంతటిదైతే మనకు పోయేదేముంది?

ఒక చిక్కు మీ ముందు దాచను. అక్కడ ఇంకా పనిచేసే గనులున్నాయి. బయటి దేశాల నుంచి వచ్చే చవక రాయి వారి వ్యాపారాన్ని దెబ్బతీస్తోందనే బాధ వారికీ ఉంటుంది. మన షెడ్లలో ధూళి ఎంత ఉందో వారికి చెబితే, ఆ మాటనే పట్టుకుని మన రాయి కొనవద్దని ప్రచారం చేసేవారు అక్కడ ఉండవచ్చు. అప్పుడు మన కూలీల పొట్ట మీద దెబ్బ పడుతుంది. ఇక్కడి వ్యాపారులు ఈ మాట నాతో ఇప్పటికే అన్నారు, అనడంలో న్యాయముంది. నా సమాధానం ఒక్కటే: రాయి అమ్ముడుపోవడానికి చాచా ఊపిరితిత్తుల సంగతి దాచాలన్న బేరం ఇరవై ఏళ్ళు చేశాం, దానివల్ల రాయీ పెద్దగా నిలవలేదు, చాచా నిలవలేదు. కాకపోతే ముందుగా కార్మికులతో, వ్యాపారులతో కలిసి కూర్చొని, ఏది రాయాలో తేల్చుకున్న తరువాతే మొదటి ఉత్తరం పోవాలి. తొందరపడి నేనొక్కణ్ణీ రాయను.

ఈ లోపల మన చేతిలో ఉన్న పని ఒకటుంది. వేల్స్ వారైనా, రాజస్థాన్ వారైనా అడిగే మొదటి ప్రశ్న "మీలో ఎంతమంది?" అన్నదే. మన దగ్గర సమాధానం లేదు. నేనొక రిజిస్టరు కొన్నాను. పాత అలవాటు ప్రకారం గడులు గీశాను: పేరు, వయస్సు, ఏ పని, ఎన్నేళ్ళు, ఎవరి షెడ్డులో, ఆయాసం ఉందా, ఎక్స్-రే తీశారా, తీస్తే ఆ ఫిల్ము ఎక్కడుంది. చనిపోయినవారికి వేరే పుటలు పెట్టాను, మొదటి పేరు చాచాది. ఆడవారి పేర్లు మరువకండి. చట్రాలు బిగించినవారు, రంగు వేసినవారు, షెడ్డు ఊడ్చినవారు కూడా అదే గాలి పీల్చారు. ఫిల్ములు ఇంటి దూలాల మీద, పెట్టెల అడుగున ఉంటాయి, దయచేసి పారవేయకండి.

రిజిస్టరు ఆ కుడివైపు బల్ల మీద ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంచాను. టీ తాగి వెళ్ళేటప్పుడు మీ ఇంటిలో, మీ వీధిలో ఉన్నవారి పేర్లు రాయండి. రాయడం రానివారు చెబితే నేను రాస్తాను. చీకటి పడేవరకూ ఇక్కడే ఉంటాను.

వస్సలామ్.